2010 నాటి డీటీపీ కంప్యూటరుకు నమ్మకమైన హార్డ్ డిస్కును ఎంచుకోవడం

చీపురుపల్లిలో జిరాక్సు, డీటీపీ దుకాణం నడుపుతున్న మీరు అడిగిన సంగతి ఇది. కంప్యూటరు 2010లో కొన్నది, ఇంటెల్ జీ31 మదర్‌బోర్డు, విండోస్ 7, 500 జీబీ హార్డ్ డిస్కు. కొద్ది రోజులుగా ఉదయం ఆన్ చేయగానే డిస్కు తనిఖీ తెర దానంతట అదే వస్తోంది, మధ్యమధ్య టక్కుటక్కుమని చప్పుడు కూడా వినిపిస్తోంది. పేజీలు కూర్చే పేజ్‌మేకరు, తెలుగు అను ఫాంట్లు, ఇన్నేళ్ల శుభలేఖలు, దస్తావేజుల చిత్తుప్రతులు అన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి కంప్యూటరు మార్చే ఉద్దేశం మీకు లేదు. విజయనగరంలో ఒక దుకాణదారు ఒక టీబీ (సుమారు వెయ్యి జీబీ) డిస్కును సగం ధరకే ఇస్తానంటున్నారు, మీ మేనల్లుడేమో తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ వేయించమంటున్నాడు, మీరు మాత్రం ఏ కంపెనీ డిస్కు నమ్మకమైనదో చెప్పమంటున్నారు.

ఉమ్మడి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇలాంటి దుకాణాల, ఆఫీసుల కంప్యూటర్లు బాగుచేస్తూ వచ్చినవాణ్ణి కనుక నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విండోస్‌కు, సాఫ్ట్‌వేర్లకు 240 జీబీ తరగతి సాటా (మదర్‌బోర్డుకు డిస్కును కలిపే మామూలు కేబులు రకం) ఎస్‌ఎస్‌డీ ఒకటి, ఫైళ్లు దాచుకోవడానికి బిల్లుతో కొన్న కొత్త ఒక టీబీ 3.5 అంగుళాల హార్డ్ డిస్కు ఒకటి, ఆ ఫైళ్ల రెండో ప్రతికి కంప్యూటరు బయట ఉండే డిస్కు ఇంకొకటి పెట్టుకోండి. మూడూ ఒకేసారి కొనే వీలు లేకపోతే ముందు బయటి డిస్కు, తరువాత ఎస్‌ఎస్‌డీ, ఆఖరున ఆ ఒక టీబీ హార్డ్ డిస్కు కొనండి. సగం ధర డిస్కు మాత్రం వద్దు. ఇక కంపెనీ ప్రశ్నకు సమాధానం మీరు ఆశించినంత సూటిగా ఉండదు, ఎందుకంటే డిస్కు నమ్మకం దాని మీది పేరు కంటే అది నిజంగా కొత్తదా, మీ కంప్యూటరుకు సరిపడే రకమా, బిగించే ముందు పరీక్షకు నిలిచిందా అన్న మూడు విషయాల మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

అయితే కొత్తది కొనడానికి ముందే, ఈ రోజే చేయవలసిన పని ఒకటుంది. ఉదయం వచ్చే ఆ డిస్కు తనిఖీని జరగనివ్వకండి. తెర మీద పది సెకన్ల గడువు కనిపిస్తున్నప్పుడు ఏదైనా ఒక మీట నొక్కితే అది ఆగిపోతుంది. చదవడానికే మొరాయిస్తున్న డిస్కు మీద ఆ తనిఖీ ఫైళ్ల పట్టికను తిరగరాయడానికి ప్రయత్నిస్తుంది, దానితో నిన్నటి దాకా తెరుచుకున్న ఫోల్డరు ఈ రోజు ఖాళీగా కనిపించే ప్రమాదం ఉంది. దానికి బదులు మరల పుట్టించలేని ఫైళ్లను, అంటే దస్తావేజుల చిత్తుప్రతులను, శుభలేఖల పేజ్‌మేకరు ఫైళ్లను, ఫాంట్లను, ముందు ఒక పెన్‌డ్రైవులోకి కాపీ చేసుకోండి. సినిమాలూ పాటలూ చివరికి. తరువాత డిస్కు మొత్తాన్ని యథాతథంగా ఇంకో డిస్కులోకి దించడానికి లినక్సు పెన్‌డ్రైవుతో నడిచే డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఉంది. అది బాగున్న భాగాలను ముందు చదివేసి, మొరాయించే చోట్లను తరువాత ప్రయత్నిస్తుంది, ఎంతవరకు చదివిందో ఒక ఫైలులో గుర్తు పెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటికి రానక్కరలేదు.

టక్కుటక్కు చప్పుడు ఆగకుండా వస్తూ, విండోస్‌కు ముందే వచ్చే బయాస్ తెర మీద డిస్కు పేరు కూడా కనిపించని స్థితి వస్తే మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు. డిస్కు లోపల తిరిగే పలకల మీది డేటాను చదివే తలలు చాలామటుకు దెబ్బతిన్నాయన్నమాట. అప్పుడు ఆన్ చేసిన ప్రతిసారీ పలకల మీద గీతలు పెరుగుతాయి కనుక కరెంటు తీసేసి, శుభ్రమైన గదిలో డిస్కు విప్పే సౌకర్యం ఉన్న వారికే అప్పగించాలి. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని ఎవరైనా చెబితే వినకండి. మన సముద్రతీరపు గాలిలోని తేమకు, చల్లబడిన పలకల మీద నీటిచెమ్మ చేరి ఉన్న ఆశ కూడా పోతుంది.

ఫైళ్లు భద్రమయ్యాక అసలు రోగం డిస్కుదేనా అని తేల్చుకోవాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరు తెరిస్తే, డిస్కు తన గురించి తాను రాసుకునే స్మార్ట్ లెక్కలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో మీకు కావలసినవి నాలుగైదు మాత్రమే. 05 అన్న వరుస పాడైపోయి పక్కన పెట్టేసిన సెక్టార్ల, అంటే డేటా దాచే చిన్న గడుల లెక్క. సీ5 చదవలేక అనుమానంలో ఉంచిన సెక్టార్ల లెక్క, సీ6 ఎంత ప్రయత్నించినా సరిదిద్దలేనివాటి లెక్క. ఈ మూడూ సున్నా ఉండి, డేటా రాకపోకల్లో తప్పుల లెక్క అయిన సీ7 ఒక్కటే పెరుగుతూ ఉంటే తప్పు డిస్కుది కాదు, చాలామటుకు మదర్‌బోర్డుకూ డిస్కుకూ మధ్య ఉన్న డేటా కేబులుది. కేబులు మార్చినా సీ7 పాత అంకె చెరిగిపోదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఆ సాఫ్ట్‌వేరు అంకెలను మొదట పదహారు ఆధారంగా ఉన్న పద్ధతిలో చూపిస్తుంది, అంటే సీ5 ఎదుట 10 అని కనిపిస్తే అనుమానంలో ఉన్న సెక్టార్లు పది కాదు, 16. అమరికల్లో దశాంశ పద్ధతికి మార్చుకుని చూడడం మంచిది. అలాగని ఈ లెక్కలు సున్నా ఉన్నంత మాత్రాన డిస్కు క్షేమమని అనుకోకూడదు. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ప్రచురించిన ఫలితాల ప్రకారం, చెడిపోయిన డిస్కులలో 56 శాతానికి పైగా, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ లెక్కలలో ఏ ఒక్కదానిలోనూ ముందుగా హెచ్చరిక చూపలేదు. అంకె పెరిగితే డిస్కును తప్పక అనుమానించండి, కానీ పెరగలేదని దానికి అభయం మాత్రం ఇవ్వకండి.

రెండో అనుమానితుడు ఎస్ఎంపీఎస్, అంటే క్యాబినెట్‌లో అన్ని భాగాలకూ కరెంటు అందించే పెట్టె. పదిహేనేళ్ల నాటి చవక ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ఉబ్బిపోయి, హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టే ఆ ఒకటి రెండు సెకన్లలో వోల్టేజి పడిపోతుంది, ఎందుకంటే 3.5 అంగుళాల డిస్కు మోటారు ఆ క్షణంలో 12 వోల్టుల తీగ నుంచి రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. అప్పుడు డిస్కు ఆగి, మళ్లీ తిరిగి, అచ్చం చెడిపోయిన డిస్కులాగే టక్కుమంటుంది. మల్టీమీటరుతో కొలవండి: పసుపు తీగకూ నల్ల తీగకూ మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎర్ర తీగకూ నల్ల తీగకూ మధ్య 4.75 నుంచి 5.25 వోల్టులు ఉండాలి. కంప్యూటరు పని చేస్తున్నప్పుడు కొలిచిన లెక్కే లెక్క. ఈ పరిధి దాటితే కొత్త డిస్కు కొనే డబ్బులో కొంత ఎస్ఎంపీఎస్‌కు కేటాయించండి, లేకపోతే కొత్త డిస్కూ అదే దారిన పోతుంది. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటే దుకాణానికి ఎర్తింగ్ లేదని అర్థం. అది డిస్కు సంగతే కాదు, మనిషి ప్రాణం సంగతి కూడా కనుక ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఈ జాగ్రత్తలను కొత్త డిస్కు ధరలో భాగంగానే లెక్కపెట్టాలి.

ఇక కంపెనీ విషయానికి వద్దాం. ఒకప్పుడు డజన్ల కొద్దీ ఉన్న హార్డ్ డిస్కు తయారీదారులు ఇప్పుడు ముగ్గురే: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. మ్యాక్స్‌టార్‌ను 2006లో సీగేట్ కొనేసింది, ఫుజిత్సు డిస్కుల వ్యాపారం 2009లో తోషిబాకు చేరింది, శాంసంగ్ హార్డ్ డిస్కుల వ్యాపారం 2011లో సీగేట్‌కు, హిటాచీది 2012లో వెస్టర్న్ డిజిటల్‌కు వెళ్లాయి. కాబట్టి బజారులో వేరే ఏ పేరుతో 3.5 అంగుళాల కొత్త హార్డ్ డిస్కు కనిపించినా లోపల ఉన్నది ఈ ముగ్గురిలో ఒకరిదే, లేదా ఎక్కడో విప్పిన పాతదానికి కొత్త స్టిక్కరు.

ఈ ముగ్గురిలో ఎవరు మేలన్న వాదన దుకాణాల దగ్గర ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఒకరికి సీగేట్ పోయి ఉంటుంది, ఇంకొకరికి వెస్టర్న్ డిజిటల్ పోయి ఉంటుంది, ఎవరి అనుభవం వారికి వేదం. పెద్ద సంఖ్యలో డిస్కులు వాడేవారి లెక్కలు చూస్తే అసలు తేడా కంపెనీల మధ్య కంటే మోడళ్ల మధ్య ఉందని తెలుస్తుంది. అమెరికాలోని బ్యాక్‌బ్లేజ్ అనే నిల్వ సంస్థ 2013 నుంచి నమోదు చేస్తున్న తన డిస్కుల వైఫల్యాలను మోడలు వారీగా బయటపెడుతోంది. ఆ లెక్కల్లో సీగేట్ వారి 3 టీబీ మోడలు ఒకటి అసాధారణంగా ఎక్కువగా చెడిపోయింది, దాని మీద 2016లో అమెరికాలో దావా కూడా పడింది. అదే సీగేట్ వారి 4 టీబీ మోడలు అదే సంస్థలో చాలా మెరుగ్గా పనిచేసింది. 2000 ప్రాంతంలో ఐబీఎం వారి డెస్క్‌స్టార్ 75జీఎక్స్‌పీ శ్రేణి పుంఖానుపుంఖాలుగా పోయి జనం నోట డెత్‌స్టార్ అనిపించుకుంది, తరువాత ఆ వ్యాపారం కొన్న హిటాచీ పేరు మీద వచ్చిన డిస్కులు మన్నికకు పేరు తెచ్చుకున్నాయి. బ్యాక్‌బ్లేజ్ వారి మొత్తం సగటు 2022లో ఏడాదికి 1.37 శాతం, 2023లో 1.40 శాతం. అంటే అన్ని కంపెనీలనూ కలిపి చూసినా నూటికి తొంభై ఎనిమిదికి పైగా డిస్కులు ఆ ఏడాది నిలబడ్డాయి. అయితే అవన్నీ ఎక్కువగా 4 టీబీ, అంతకు మించిన డిస్కులు, చల్లని గదుల్లో ఆగకుండా తిరిగేవి. మీకు కావలసిన ఒక టీబీ డిస్కు ఆ పట్టికలో దొరకదు. అందుకే ఆ పట్టిక చూసి కంపెనీని ఎంచుకోమని నేను చెప్పను.

కంపెనీ కంటే మీరు అడగవలసిన ప్రశ్న డిస్కు సీఎంఆర్ రకమా, ఎస్ఎంఆర్ రకమా అన్నది. సీఎంఆర్ డిస్కులో డేటా రాసే వలయాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా పక్కపక్కన ఉంటాయి. ఎస్ఎంఆర్ డిస్కులో డేటా రాసే వలయాలు పెంకుటింటి పైకప్పులో పెంకుల్లాగా ఒకదాని అంచు మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. తక్కువ పలకల్లో ఎక్కువ చోటు దొరుకుతుంది, కానీ మధ్యలో ఒక్క వలయం మార్చాలంటే దాని మీదికి ఎక్కినవాటన్నిటినీ తిరిగి రాయాలి. చిన్నచిన్న రాతలను ముందు ఒక ప్రత్యేక భాగంలో దాచుకుని, పని లేనప్పుడు సర్దుకుంటుంది కాబట్టి మామూలుగా తేడా తెలియదు. ఆ భాగం నిండిపోయిన రోజున మాత్రం ఒక్కసారిగా నత్తనడక నడుస్తుంది. విండోస్ ఉన్న డిస్కుగా అది మీ సహనాన్ని పరీక్షిస్తుంది. వారానికోసారి కాపీ చేసి పక్కన పెట్టే డిస్కుగా అయితే దానికి వంక పెట్టనక్కరలేదు. 2020లో కొన్ని డిస్కులు ఎస్ఎంఆర్ అని చెప్పకుండా అమ్మారన్న విమర్శ గట్టిగా వచ్చాక కంపెనీలు తమ వెబ్‌సైట్లలో మోడలు వారీగా ఈ వివరం పెట్టాయి, పెట్టె మీద మాత్రం సాధారణంగా కనిపించదు. మీ అవసరానికి గుర్తు పెట్టుకోదగినవి: సీగేట్ బారాకుడా ఒక టీబీలో ఎస్‌టీ1000డీఎం010, వెస్టర్న్ డిజిటల్ బ్లూ ఒక టీబీలో డబ్ల్యూడీ10ఈజెడ్‌ఈఎక్స్ సీఎంఆర్ రకానివి. బారాకుడా 2 టీబీలో ఎస్‌టీ2000డీఎం008 ఎస్ఎంఆర్ రకం. ఒక టీబీ నుంచి రెండు టీబీలకు వెళితే ధర కొద్దిగానే పెరుగుతుందని దుకాణదారు ఊరించినప్పుడు ఈ తేడా గుర్తుకు రావాలి.

మన వైపు దుకాణాల్లో ఒక టీబీ డిస్కు అడిగితే తరచుగా సీసీ కెమెరాల డిస్కు చేతిలో పెడతారు, ఎందుకంటే కంప్యూటర్ల కంటే కెమెరాలకే ఇప్పుడు గిరాకీ ఎక్కువ. వెస్టర్న్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ అలాంటివి. అవి కంప్యూటరుకు పనికిరావని, ఫైళ్లు పాడుచేస్తాయని ఒక ప్రచారం ఉంది. వీడియో ఆగకుండా ఉండడానికి తప్పులను వదిలేసి ముందుకు పోయే ప్రత్యేక ఆదేశాలు వాటికి తెలిసిన మాట నిజమే గాని, ఆ ఆదేశాలను పంపేది కెమెరా రికార్డరు; మీ విండోస్ వాటిని పంపదు కాబట్టి అవి మామూలు డిస్కుల్లాగానే పనిచేస్తాయి. వేగం కొంచెం తక్కువ, వారంటీ మాత్రం మామూలు డిస్కులకు సాధారణంగా ఉండే రెండేళ్లకు బదులు మూడేళ్లు. ఫైళ్లు దాచుకునే డిస్కుగా కొత్త పర్పుల్ గాని, స్కైహాక్ గాని దొరికితే నేను నిరభ్యంతరంగా తీసుకుంటాను.

ఇక సగం ధర డిస్కు. ఆ దుకాణదారు మోసగాడని నేను అనడం లేదు, ఆయనకే ఎవరో అలా చెప్పి అమ్మి ఉండవచ్చు. పాత సర్వర్లలోంచి, కెమెరా రికార్డర్లలోంచి ఊడదీసిన డిస్కులకు కొత్త లేబులు అంటించి, స్మార్ట్ లెక్కలు సున్నా చేసి అమ్మే వ్యాపారం ప్రపంచమంతటా ఉంది. 2025 జనవరిలో యూరప్‌లో సీగేట్ వారి ఎక్సోస్ రకం పెద్ద డిస్కులను కొత్తవిగా కొన్నవారికి, అవి అప్పటికే వేల గంటలు తిరిగినవని బయటపడింది. మామూలు స్మార్ట్ లెక్క సున్నా చూపించినా, ఫార్మ్ అనే లోపలి చిట్టాలో అసలు గంటలు అలాగే మిగిలిపోవడం వల్ల ఆ గుట్టు తెలిసింది. స్మార్ట్‌సీటీఎల్ అనే సాధనం కొత్త రూపాంతరంతో, ఆ చిట్టా ఉన్న సీగేట్ డిస్కులలో దాన్ని చదవవచ్చు.

డిస్కు చేతికి రాగానే చూడవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. సాటా కనెక్టరు లోపలి పసుపు రేకుల మీద అడ్డంగా సన్నని గీతలుంటే అది ఇదివరకే ఒకచోట దూరి వచ్చింది. పక్కల స్క్రూ రంధ్రాల అంచులో రంగు లేచి ఉంటే అది ఇదివరకే బిగించినది. లేబులు మీది సీరియల్ నంబరూ, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో చూపించే సీరియల్ నంబరూ అక్షరం పొల్లు పోకుండా ఒకటే కావాలి. కాకపోతే మరో మాట లేకుండా వాపసు ఇచ్చేయండి. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైటులోని వారంటీ పేజీలో వేస్తే గడువు ఎప్పటిదాకా ఉందో చెబుతుంది. గడువు ఎప్పుడో ముగిసిందని వచ్చినా, ఇది వేరే తయారీదారుకు టోకుగా ఇచ్చిన డిస్కు, వారంటీ వారినే అడగండి అని వచ్చినా అది మీరు కొత్త ధర పెట్టవలసిన సరుకు కాదు. దిగుమతి అయిన సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర ఉన్న స్టిక్కరు ఉండాలన్నది 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమం. అది లేని డిస్కు ఏ దారిన వచ్చిందో అడగండి.

అన్నిటికంటే మాట్లాడేవి రెండు అంకెలు, డిస్కు తిరిగిన గంటలు, ఎన్నిసార్లు ఆన్ అయిందన్న లెక్క. కొత్త డిస్కులో రెండూ ఒకట్లలోనే ఉండాలి. ఒక ఉదాహరణ చెబుతాను. గంటల ఎదుట 5డీసీ0 అని కనిపిస్తే దుకాణదారు అదేదో కోడు అని దాటవేయవచ్చు. దాన్ని దశాంశంలోకి మారిస్తే 24,000 గంటలు. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి ఆగకుండా తిరిగితే అది రెండేళ్ల తొమ్మిది నెలల ఆయుష్షు. ఇప్పుడు రెండో అంకె చూడండి. ఆన్ అయినది నలభై, యాభై సార్లే అయితే అది రాత్రింబవళ్లు తిరిగిన కెమెరా రికార్డరులోదో, సర్వరులోదో. అదే రెండో అంకె మూడు వేలకు పైగా ఉంటే రోజూ ఉదయం తెరిచి సాయంత్రం మూసే ఆఫీసులో ఎనిమిదేళ్లు పనిచేసిన డిస్కు. రెండిట్లో ఏదైనా మీ దస్తావేజులు దాచడానికి తగినది కాదు. పాత డిస్కును పాతదని చెప్పి, పాత ధరకు అమ్మితే తప్పు లేదు, సినిమాలు దాచుకునేవారు కొనుక్కోవచ్చు; మీరు కొనకండి. ఏది కొన్నా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోవడం మరిచిపోవద్దు, వారంటీ తగాదా వచ్చిన రోజున ఆ ఒక్క గీతే మీ తరఫున మాట్లాడుతుంది. వారంటీలో వచ్చేది డిస్కే గాని ఫైళ్లు కావు, అది కూడా చాలాసార్లు బాగుచేసిన డిస్కే వస్తుంది.

మీ మేనల్లుడి మాట సగం సరైనది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పలకలు లేవు, 12 వోల్టుల మోటారు లేదు, కాబట్టి ముసలి ఎస్ఎంపీఎస్ మీద అది వేసే భారం తక్కువ. జీ31 బోర్డులోని సాటా సెకనుకు 3 గిగాబిట్ల రకం, దాని ఐసీహెచ్7 చిప్పులో, డిస్కుతో వేగంగా మాట్లాడే ఏహెచ్‌సీఐ సౌకర్యం కూడా లేదు, అందువల్ల ఎస్‌ఎస్‌డీ పెట్టె మీద రాసిన వేగంలో సగమే వస్తుంది. అయినా పేజ్‌మేకరు తెరవడానికి, విండోస్ లేవడానికి పట్టే సమయంలో తేడా మీకు మొదటి ఉదయమే తెలుస్తుంది, ఎందుకంటే ఆ పనులకు కావలసింది గరిష్ఠ వేగం కాదు, చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను వెంటనే అందుకోవడం. రాతలకు పరిమితి ఉందని భయపడనక్కరలేదు. క్రూషియల్ బీఎక్స్500 240 జీబీకి కంపెనీ ఇచ్చే హామీ 80 టీబీ రాతలు, శాంసంగ్ 870 ఈవో 250 జీబీకి 150 టీబీ. మీ దుకాణంలో రోజుకు పది జీబీ రాసినా, అది అతిశయోక్తి లెక్కే, 80 టీబీ అయిపోవడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది. పేరు వినని కంపెనీల చవక ఎస్‌ఎస్‌డీలు మాత్రం వద్దు. వాటిలో ఏ చిప్పు పెట్టారో ఒక నెలకూ మరో నెలకూ పొంతన ఉండదు.

మిగతా సగం మాత్రం సరైనది కాదు, ఎందుకంటే ఎస్‌ఎస్‌డీ పోయేటప్పుడు హార్డ్ డిస్కులాగా మూలిగి చెప్పి పోదు. నిన్న పనిచేసింది ఈ రోజు బయాస్‌లో కనిపించదు, ఆ తరువాత ఫైళ్లు వెలికితీయడం హార్డ్ డిస్కు కంటే కష్టం. బీరువాలో దాచిపెట్టే ప్రతికి కూడా అది తగదు. పరిశ్రమ ప్రమాణం ప్రకారం రాతల పరిమితి ముగిసిన మామూలు ఎస్‌ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలిపితే చాలు; కొత్తది అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది గాని, మన వేసవిలో మూసిన గది వేడి 30 దగ్గర ఆగదు. అందుకే విండోస్‌కు ఎస్‌ఎస్‌డీ, ఫైళ్లకు హార్డ్ డిస్కు అన్నాను.

మీ బోర్డుకు సంబంధించిన హద్దులు రెండు మూడు మాటల్లో చెప్పుకుందాం. కొత్త సాటా 3 డిస్కులు మీ సాటా 2 బోర్డులో సమస్య లేకుండా పనిచేస్తాయి. పాత బయాస్ కావడం వల్ల విండోస్ ఉండే డిస్కు 2.2 టీబీ మించితే మిగతా చోటు వృథా. విండోస్ ఎక్స్‌పీ వాడేవారికి ఇంకో చిక్కు ఉంది, అది మీకు కూడా తగలవచ్చు. మీ కంప్యూటరులో మొదట ఎక్స్‌పీ ఉండి తరువాత దాని మీదే విండోస్ 7 వేసి ఉంటే, డిస్కు మొదటి భాగం 63వ సెక్టారు దగ్గర మొదలై ఉంటుంది. 2011 నుంచి కొత్తగా వచ్చిన ఇలాంటి డిస్కులు దాదాపు అన్నీ 4,096 బైట్ల సెక్టార్లకు మారాయి కనుక ఆ అమరికను అలాగే కొత్తదానిలోకి దించితే ప్రతి రాతా రెండు సెక్టార్ల మీద పడి వేగం పడిపోతుంది. విండోస్‌లోనే ఉండే ఎంఎస్‌ఇన్ఫో32 తెరిచి, డిస్కుల వివరాల్లో విభాగం మొదలయ్యే స్థానం చూడండి: 1,048,576 అని ఉంటే సరే, 32,256 అని ఉంటే డిస్కును యథాతథంగా దించకుండా విండోస్ 7ను కొత్తగా వేయించుకోవడం మేలు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది కాబట్టి ఈ కంప్యూటరులో బ్యాంకు పనులు పెట్టుకోకండి. పాత రకం నాలుగు తీగల మోలెక్స్ కరెంటు పిన్నును సాటాకు మార్చే చవక అచ్చుపోత కేబుళ్లు కాలిపోయిన సందర్భాలున్నాయి, సాటా పిన్నులు ఉన్న ఎస్ఎంపీఎస్ తీసుకోండి.

కొత్త హార్డ్ డిస్కు వచ్చాక ఆ రోజే ఫైళ్లు వేయకండి. త్వరిత ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే విండోస్ 7 ప్రతి సెక్టారు మీద సున్నాలు రాస్తుంది. తరువాత సీగేట్ వారి సీటూల్స్ వంటి సాధనంతో దీర్ఘ పరీక్ష పెడితే డిస్కు అంతటినీ తిరిగి చదువుతుంది. ఒక టీబీకి ఒక్కో పనికీ రెండు గంటల పైచిలుకు పడుతుంది, రాత్రి దుకాణం మూసేటప్పుడు పెట్టి వెళ్లవచ్చు, యూపీఎస్ బ్యాటరీ బాగుంటేనే సుమా. మరునాడు ఉదయం 05, సీ5, సీ6 మూడూ సున్నాగానే ఉండాలి. కొత్త డిస్కులో ఒక్క సెక్టారు పాడైనట్టు కనిపించినా సర్దుకుపోకండి, మార్చి ఇవ్వమనండి. లోపభూయిష్టమైనవి మొదటి వారాల్లోనే బయటపడడం ఎక్కువ కాబట్టి దుకాణదారు మార్చి ఇచ్చే గడువు ముగిసేలోగా ఈ పరీక్ష జరగాలి.

బయటి డిస్కు కొనేటప్పుడు ఒక్క మాట. కొన్ని చిన్న పోర్టబుల్ డిస్కులలో యూఎస్‌బీ కనెక్టరు డిస్కు బోర్డు మీదే అతికి ఉంటుంది, అది విరిగితే డిస్కును విప్పి కంప్యూటరులో నేరుగా పెట్టే వీలుండదు. కాబట్టి కేబులు లాగకుండా వాడాలి. మీ బోర్డులో ఉన్నది యూఎస్‌బీ 2 కనుక 300 జీబీ కాపీ కావడానికి రెండున్నర గంటల వరకూ పడుతుంది, మొదటిసారే ఆ కష్టం, తరువాత మారినవే కాపీ చేస్తే చాలు. ఆ డిస్కును దుకాణంలో ఉంచకండి, ఇంటికి తీసుకెళ్లండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఎన్ని ఊళ్లలో కరెంటు రోజుల తరబడి లేదో, ఎన్ని షెడ్ల రేకులు లేచిపోయాయో మనకు తెలుసు. అసలూ నకలూ ఒకే పైకప్పు కింద ఉంటే అది రెండో ప్రతి అనిపించుకోదు.

ఆఖరుగా పాత 500 జీబీ డిస్కు సంగతి. అందులో అమ్మకందార్ల, కొనుగోలుదార్ల ఆధార్, పాన్ నకళ్లు తప్పక ఉంటాయి కనుక దాన్ని పాత సామాన్లవాడికి గాని, కొత్తది అమ్మిన దుకాణానికి గాని ఇవ్వకండి. కొత్త ప్రతులన్నీ తెరుచుకుంటున్నాయని తేలే దాకా దాన్ని కవరులో పెట్టి, తేదీ రాసి, పక్కన ఉంచండి. ఆ తరువాత ఇంకా తిరుగుతూ ఉంటే పూర్తి ఫార్మాట్ చేయండి. తిరగకపోతే వర్క్‌షాపులో డ్రిల్లుతో మూత మీదుగా పలకలన్నిటి గుండా రెండు మూడు రంధ్రాలు వేయించండి. 3.5 అంగుళాల డిస్కుల పలకలు సాధారణంగా అల్యూమినియంవి కాబట్టి ఇబ్బంది ఉండదు గాని, ల్యాప్‌టాప్ డిస్కు అయితే పలకలు గాజువై ఉండి పెంకులు ఎగురుతాయి, దానికి ముందు గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకోమని ఆ కుర్రాడికి చెప్పండి.